పాడితేనే వచ్చే వాసన

ఆ ఆదివారం పొద్దున్న కూర్మనాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చెయ్యడం, పెట్టె అడుగున దాచిన జరీ పంచె కట్టుకోవడం, హార్మోనియం ముందు కూర్చుని రెండు కీర్తనలు మరోసారి సరిచూసుకోవడం, ఆ తరువాత వీధివైపు చూస్తూ ఉండడం. శ్రీకాకుళంలో ఆడపిల్లల హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ త్రిపురసుందరిగారు అరసవల్లి దేవుడి దర్శనానికి వస్తున్నారు. దర్శనం కాగానే కూర్మనాథం ఇంటికి వచ్చి పాట వింటానని కబురు పెట్టారు. పాట నచ్చితే స్కూల్లో సంగీతం మాస్టారి ఉద్యోగం ఆయనది. నచ్చకపోతే ఎవరిదో ఆయనకి తెలుసు గాని, దేవుడి ఊళ్లో పొద్దున్నే ఆ పేరు తలుచుకోవడం ఇష్టం లేకపోయింది.

ఆ ఉద్యోగం ఆయనకి కావాలి. వానలు మొదలైన దగ్గర్నుంచి ఆయన దగ్గర పాట నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకరు తలనొప్పి అన్నారు, ఒకరు అత్తగారన్నారు, ఒకరు ఏమీ అనకుండానే మానేశారు. అసలు కారణం కూర్మనాథం తనకు తానే కనిపెట్టుకున్నాడు. తన గొంతు పోయింది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, భార్య జ్ఞానాంబతో కూడా. గొంతు మీద నమ్మకం సడలినకొద్దీ హార్మోనియం గట్టిగా వాయించడం నేర్చుకున్నాడు. పై స్థాయికి వెళ్లవలసిన చోట ఆయన నోరు మాత్రం తెరిచేవాడు. మిగతా పని హార్మోనియం పెట్టె చూసుకునేది.

మిగిలిన ఒక్క శిష్యురాలు నీలవేణి, తాలూకాఫీసు గుమాస్తాగారి కొత్త కోడలు. ఆ పొద్దున్న ఆమె వచ్చి చాప మీద కూర్చుంది. కూర్మనాథం తిత్తి ఆడించి, శ్రుతి పట్టి, పల్లవి ఎత్తుకున్నాడు. నీలవేణి కొంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏమ్మా, జలుబు చేసిందా?"

"లేదండి మాస్టారూ. మీరేటీ అనుకోకండి. ఏటో ముక్కిపోయిన వాసనేస్తన్నాదండి. తడిసిన గింజలు మూటకట్టి మరిచిపోతే వస్తాది సూడండి, అలాగ."

కూర్మనాథం హార్మోనియం మీదనుంచి చేతులు తీసేసి, మెడ ఎత్తి, గట్టిగా వాసన పీల్చాడు. ఇరవై ఏళ్లుగా నశ్యం పీల్చి పీల్చి ఆయన ముక్కు ఏనాడో పని మానేసింది. ఇప్పుడది మొహానికి అందం కోసం ఉందంతే. కాని ఆ మాట ఆయన ఒప్పుకోడు.

"నాకేమీ రావడం లేదే!"

"ఇప్పుడు నాక్కూడా రావడం లేదండి."

ఆయన మళ్లీ అందుకున్నాడు. ఆమె మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన ఆపాడు. ఆమె కొంగు దించింది. ఇలా కొంతసేపు జరిగాక నీలవేణి తల వంచుకుని, నేలతో చెబుతున్నట్టుగా అంది. "మాస్టారూ, మీరు పాడితేనే వస్తాదండి."

కూర్మనాథం చటుక్కున వంటింటివైపు తిరిగాడు. "జ్ఞానం!" అని కేక పెట్టాడు. వంటింట్లోంచి జ్ఞానాంబ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేను పాడితే వాసన వస్తోందిట. ఈ అమ్మాయి అంటోంది. నిజమేనా?"

జ్ఞానాంబ గోడకేసి చూసింది, నీలవేణికేసి చూసింది, తప్పించుకునే దారి లేదని తేలాక మెల్లగా అంది. "వానలు మొదలైనప్పట్నుంచీ వస్తోందండీ. మీతో చెబితే నొచ్చుకుని పాట మానేస్తారని ఊరుకున్నాను. పాట లేకపోతే ఈ ఇంట్లో ఇంకేముందని?"

కూర్మనాథం మొహం మెల్లమెల్లగా వికసించింది. "అంటే... పిల్లలంతా మానేసింది వాసనకా? నా గొంతుకి కాదా?"

"గొంతుకేం? బంగారంలా ఉంటే!"

కంపు కొడుతోందని తెలిసి అంత సంతోషించిన మనిషి అరసవల్లిలో ఇంకొకడు ఉండడు. ఇన్నాళ్లూ తన మనసు నొప్పించకుండా ఆ కంపు భరిస్తూ పక్కనే కూర్చున్న భార్య మీద ఆయనకి గుండె నిండా కృతజ్ఞత పొంగింది. కళ్లు చెమర్చాయి. అంతలోనే త్రిపురసుందరిగారు జ్ఞాపకం వచ్చారు. కళ్లు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"సంగతి నాకర్థమైంది," అన్నాడు. "నాది గంభీరమైన గొంతు. పాడితే ఇల్లంతా అదురుతుంది. ఆ అదురుకి ఎక్కడో నక్కి ఉన్న వాసన లేచి వస్తోంది. అది ఏ వస్తువో కనిపెట్టి వీధిలో పారేస్తే సరి. పట్టండి!"

ముందు పరుపు బయటికి వెళ్లింది. కూర్మనాథం హార్మోనియం ముందు కూర్చుని పల్లవి పాడి పరీక్ష చేశాడు. ఆడవాళ్లిద్దరూ ముక్కులు మూసుకున్నారు. పరుపు కాదని తేలింది. తరువాత గొంగళ్లు, తరువాత బట్టల పెట్టె, తరువాత ఊరగాయ జాడీలు. ఒక్కొక్క వస్తువు గడప దాటగానే ఆయన ఒక్కొక్కసారి తిత్తి ఆడించి పాడడం, వాళ్లు తల అడ్డంగా ఊపడం. వీధిలో వెళ్లే జనం ఈ ఇంట్లో సామాను పాట పాడి మరీ సాగనంపుతున్నారేమిటా అని ఆగి చూసి పోతున్నారు.

వంటింటి సామాను తీసేటప్పుడు జ్ఞానాంబ రాగుల కుండలో చెయ్యి పెట్టి ఆగిపోయింది. "ఇదేమిటండీ, చోళ్లు అడుగంటిపోయాయి! మీ గొంతుకి జావ కాచి పోద్దామని నిండుగా పోయించాను." అంటూ ప్రహరీ గోడకేసి ఓసారి చూసింది. గోడకి అవతల దానమ్మ ఉంటుంది. ఒక గేదెను పెట్టుకుని పాలమ్ముకుంటుంది. మధ్యాహ్నం పూట ఆవిడ వచ్చి వీళ్ల వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని కబుర్లు చెప్పడం మామూలే. జ్ఞానాంబ నోటితో ఏమీ అనలేదు గాని, చూపుతో అనవలసినదంతా అనేసింది.

చివరికి ఇల్లు ఖాళీ అయింది. దేవుడి పటాలు తప్పిస్తే ఇంట్లో మిగిలినవి రెండే, హార్మోనియం, కూర్మనాథం. ఆయన ఆఖరి పరీక్షగా పాడాడు. వాసన ఇదివరకటి కంటే గట్టిగా వచ్చింది. ఆడవాళ్లిద్దరూ ఆయనకేసే చూశారు. హార్మోనియాన్ని అనుమానించాలన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు. అది ఆయన తండ్రిగారిది. దానికి రోజూ బొట్టు పెడతారు, ముందు అగరొత్తులు వెలిగిస్తారు. ఇంట్లో అన్నిటికంటే మంచి వాసన వేసేది అదేనని అందరి నమ్మకం.

కూర్మనాథం నూతి దగ్గరికి వెళ్లి రెండోసారి స్నానం చేశాడు. లవంగాలు నమిలాడు. వచ్చి పాడాడు. లాభం లేకపోయింది.

"సాంబ్రాణి వేద్దామండి," అంది నీలవేణి జాలిపడి.

వేద్దాం అంటే చిటికెడు వేసే మనిషైతే కథ ఇక్కడితో ఆగిపోయేది. కూర్మనాథం వీధిలోంచి కుంపటి తెప్పించి, దానినిండా నిప్పులు పోయించి, పొట్లంలో ఉన్న సాంబ్రాణి అంతా ఒక్కసారే గుమ్మరించాడు. పొగ బయటికి పోకూడదని తలుపులూ కిటికీలూ మూయించాడు. ఆడవాళ్లు దగ్గుకుంటూ పెరట్లోకి పరుగెత్తారు. ఆయన మాత్రం పంచె చెంగు మూతికి కట్టుకుని హార్మోనియం పక్కనే కాపలా కూర్చున్నాడు. పొగ కాసేపు గదిలో చుట్టూ తిరిగి, దారి దొరక్క, పెంకుల సందుల్లోంచి పైకి లేవడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే దానమ్మ గేదెకి కుడితి పెట్టడానికి కుండ నెత్తికెత్తుకుని తన ఇంట్లోంచి బయటికి వచ్చింది. వీధిలో చూస్తే పంతులుగారి సామానంతా గుట్టగా పడి ఉంది. తలెత్తి చూస్తే ఇంటికప్పు మీద పొగ. ఇంకెవరికైనా వేరే అర్థం తోస్తుందా?

"ఓలమ్మో! పంతులుగోరిల్లు కాలిపోతన్నాదర్రో! సామాను బైటికి తెచ్చేసుకున్నారు గానీ ఆ బాబు ఏడీ? ఓలమ్మ, లోపలే ఉండిపోనాడు కావాల!"

కుండ దించి చెంబెడు నీళ్లు వెతికే తీరిక ఎక్కడిది? ఒక్క తోపుతో తలుపు తెరిచి, పొగలో ఎర్రగా కనిపించిన నిప్పుల మీద కుడితి కుండ అమాంతం బోర్లించింది. నిప్పుల మీద పడింది కొంచెమే. మిగతాదంతా హార్మోనియం మీదా, కూర్మనాథం మీదా పడింది. తవుడూ, కుళ్లిన గంజీ, అరటి తొక్కలూ జరీ పంచె మీదుగా జారుతుంటే, ఇరవై ఏళ్ల తరువాత మొదటిసారి ఆయన ముక్కుకి వాసన తెలిసింది.

"వచ్చింది!" అని కేక పెట్టాడు. "నాకూ వాసన వచ్చింది!"

"బతికే ఉన్నాడు, సూరినారాయణా!" అని దానమ్మ ఆయన రెక్క పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చింది. వీధిలో అప్పుడే ఒక రిక్షా ఆగింది. చేతిలో ప్రసాదంతో త్రిపురసుందరిగారు దిగారు.

ఆవిడ సామాను చూశారు, పొగ చూశారు, మీసాల మీద తవుడుతో ఉన్న కూర్మనాథాన్ని చూశారు. "సంగీతం మాస్టారి ఇల్లు ఇదేనా?" అని అడిగారు.

ఆయనకి ఏడుపొక్కటే తక్కువ. "అమ్మా, ఈ పూట క్షమించాలి. మరో రోజు వస్తే..."

"మరో రోజు లేదండీ. రేపు పొద్దున్న పేరు పంపించాలి. ఇవాళ పాడండి."

జ్ఞానాంబ, నీలవేణి కలిసి హార్మోనియం మోసుకొచ్చి అరుగు మీద పెట్టారు. కూర్మనాథం తిత్తి ఆడించాడు. లోపల కుడితి గుడగుడమంది. ఒక్క మెట్టు కూడా పలకలేదు. ఇక దాక్కోవడానికి ఏమీ మిగల్లేదు. కుర్చీ కూడా వీధిలోనే ఉంది గనక త్రిపురసుందరిగారికి కూర్చోవడానికి మాత్రం ఇబ్బంది లేకపోయింది.

ఆయన జ్ఞానాంబకేసి చూశాడు. ఆమె తల ఊపింది. కళ్లు మూసుకుని, తడి బట్టలతోనే, ఒట్టి గొంతుతో ఎత్తుకున్నాడు. మొదట కాస్త వణికింది. పై స్థాయి దగ్గరికి రాగానే అలవాటు ప్రకారం నోరు తెరిచి ఊరుకోబోయాడు గాని, పాడేవాళ్లు ఇంకెవరూ లేరు. తనే పాడాడు. గొంతు ఒక్క క్షణం జీరపోయి, ఆ వెంటనే ఎక్కడో దాచిపెట్టి మరిచిపోయిన సొమ్ములాగా మొత్తం బయటికి వచ్చింది. సగం పాటలో కళ్లు తెరిచి ముందుగా అందరి ముక్కులకేసి చూశాడు. ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు. కుడితి కంపు నిండా ఉన్నా ఎవరికీ ఆ ధ్యాసే లేదు. దానమ్మ ఖాళీ కుండ మీద మెల్లగా తాళం వేస్తోంది.

పాట అయ్యాక త్రిపురసుందరిగారు కుర్చీలోంచి లేచారు. "మొన్న చవితి పందిట్లో మీ కచేరీ విన్నాను," అన్నారు. "పెట్టె విన్నాను, మిమ్మల్ని వినలేదు. ఆ మాట మొహం మీదే చెప్పి వెళ్లిపోదామని వచ్చాను. పెట్టె వెనక దాక్కునే మాస్టారు మా పిల్లలకేం నేర్పుతారని. ఇవాళ మిమ్మల్ని విన్నాను. మీ పేరే పంపిస్తున్నాను. రేపు కాక పై సోమవారం రండి." రిక్షా ఎక్కబోతూ ఆగి, "స్నానం చేసి రండి," అని కూడా అన్నారు.

సాయంత్రం హార్మోనియాన్ని ఎండలో విప్పి ఆరబెడితే, తిత్తి వెనకనుంచి ఎలుక గూడు ఒకటి, ముక్కి మొలకలొచ్చిన చోళ్లు దోసిళ్లకొద్దీ బయటపడ్డాయి. తిత్తి ఆడించినప్పుడల్లా వాటి మీదుగా గాలి ఇల్లంతా వీచేదన్న మాట. జ్ఞానాంబ ఆ చోళ్లనీ ప్రహరీ గోడనీ మార్చి మార్చి చూసింది. అప్పటికప్పుడే వెళ్లి దానమ్మ చెయ్యి పట్టుకుంది.

"దానమ్మా, చోళ్లు పోతుంటే నీ మీద అనుమానపడ్డాను. మనసులో ఉంచుకోకు."

"నాను ఎత్తుకెల్తే కుండ మాత్తరం మిగుల్తాదేటమ్మా!" అని దానమ్మ పకపకా నవ్వింది.

కూర్మనాథం ఆవిడ ముందు రెండు చేతులూ జోడించాడు. "దానమ్మా, ఇవాళ నా ప్రాణం, నా పాట, నా ఉద్యోగం మూడూ నువ్వే నిలబెట్టావు. ఈ రుణం ఎలా తీర్చుకోను?"

"ఆ మాటలెందుకు గానీ బాబూ, పొద్దుట్నుంచి నా గేదె కుడితి నేకుండా అరుస్తన్నాది. దానికేటి సెప్పమంటావు?"

మొదటి జీతం అందగానే కూర్మనాథం ఒక బస్తా తవుడు కొని, స్వయంగా మోయించుకొచ్చి దానమ్మ గేదె ముందు పెట్టించాడు. ఎలుకకి మాత్రం ఏమీ ఇవ్వలేదు; అది తన వాటా ముందే తీసుకుంది.