ప్లెయిన్స్‌బరో మీదుగా ఒహాయో

మా న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలోని తెలుగు కుటుంబాల్లో ఇంతవరకు ఏ ఒక్కరి బిడ్డా, అడిగినవాళ్లందరినీ చేర్చుకునే రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చదవలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఈ సంగతిని మా సంఘం అధ్యక్షులు కోటేశ్వరరావుగారు ప్రతి ఉగాదికీ వేదిక మీద ధ్రువీకరిస్తారు. మా ఇళ్లకు దగ్గరలోనే అలాంటి కాలేజీ ఒకటి ఉన్నమాట నిజమే. దాని పార్కింగ్ లాట్‌లో, లోపలి అద్దానికి వేంకటేశ్వరస్వామి బొమ్మ వేలాడే కార్లు ఇరవై దాకా కనబడే మాటా నిజమే. అవి ఎవరివో ఎవరికీ తెలియదు.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే సూర్యప్రకాశరావుగారి అమ్మాయి దేదీప్య విషయమే తీసుకోండి. 2011లో ఆ పిల్ల తొమ్మిది యూనివర్సిటీలకు అప్లై చేస్తే తొమ్మిదీ విచారం వెలిబుచ్చాయి. పిల్ల ఏడవలేదు. "నాన్నా, కాలిక్యులస్ ఎక్కడైనా సేమే కదా. టూ ఇయర్స్ ఇక్కడ కమ్యూనిటీ కాలేజ్‌లో చదువుతా, దెన్ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతా" అంది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరక్కపోవడంతో ఆయనకు చాలా కోపం వచ్చింది. మూడు రోజులు ఆలోచించి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. చదవడం ఇక్కడ చదవవచ్చు, ఉండడం మాత్రం ఒహాయోలో ఉండాలి.

ఒహాయో ఎందుకంటే అక్కడొక పెద్ద స్టేట్ యూనివర్సిటీ ఉంది. మా న్యూజెర్సీలోనూ ఉంది గానీ, కారులో అరగంటలో చేరిపోయే చోట చదువేం అబ్బుతుంది? పైగా ఎవరైనా వెళ్లి చూసి రాగలరు.

ఆగస్టులో సంఘం తరఫున దేదీప్యకు ఘనంగా వీడ్కోలు జరిగింది. కోటేశ్వరరావుగారు శాలువా కప్పి, "మన పిల్లలు టాప్ ర్యాంక్ కాలేజీలకు తప్ప వెళ్లరు. అది మన బ్లడ్‌లోనే ఉంది!" అని మొదలుపెట్టి పదిహేను నిమిషాలు ప్రసంగించారు. వారి అబ్బాయి అనీష్ ఆ నెలలోనే కాలిఫోర్నియాలో చేరాడు. ఆంటీలు చిన్న ప్రెషర్ కుక్కరు, మూడు రకాల ఊరగాయలు ఇచ్చారు. కారు అందరి ముందూ ఒహాయో బయలుదేరి, పెన్సిల్వేనియాలో ఒక మోటెల్ దాకా వెళ్లి, మర్నాడు వెనక మెట్ల దారిన దేదీప్యను ఇంటికి చేర్చింది.

ఆ తర్వాత రెండేళ్లు దేదీప్య ఒహాయోలో, అంటే లోపలి బెడ్‌రూమ్‌లో, ఎంతో క్రమశిక్షణతో ఉంది. ఇండియన్ గ్రోసరీ స్టోరు ఆమెకు నిషిద్ధం. ఆంటీలెవరైనా వస్తే గది తలుపు వేసుకుని తుమ్ము కూడా ఆపుకునేది. తల్లి గిరిజగారు రోజూ పొద్దున్నే ఒహాయో వాతావరణం చూసి, "మా దీపు వాళ్ల దగ్గర అడుగు మంచు పడిందట వదినా, ఏం తింటోందో ఏమో" అని ఫోన్లో బెంగపడేవారు. అలా బెంగపడి బెంగపడి ఆవిడకు నిజంగానే బీపీ వచ్చింది.

అన్నిటికన్నా కష్టం సెలవులకు రావడం. థాంక్స్‌గివింగ్ ముందురోజు ఖాళీ సూట్‌కేసు పట్టుకుని వెనక మెట్లు దిగి, బిల్డింగు చుట్టూ తిరిగి, నలుగురూ చూసేలా ముందు తలుపులోంచి రావాలి. గుమ్మంలో గిరిజగారు దిష్టి తీసి, "ఎంత చిక్కిపోయావే తల్లీ!" అని కళ్లు ఒత్తుకునేవారు. గంట క్రితమే ఇద్దరూ కలిసి భోంచేసి ఉండేవారు.

2013 వసంతంలో అనుకోని ఉపద్రవం వచ్చిపడింది. దేదీప్యకు ఆ ఒహాయో యూనివర్సిటీలోనే సీటు వచ్చింది. నిజం సీటు. ఇక్కడ చదివిన అరవై క్రెడిట్లూ ఒక్కటి పోకుండా ట్రాన్స్‌ఫరై, నేరుగా మూడో సంవత్సరంలో చేర్చుకుంటామన్నారు. ఇంట్లో పది నిమిషాలు పండగ జరిగింది. తర్వాత అందరూ దిగులుగా కూర్చున్నారు. రెండేళ్ల కిందట పంచిన స్వీట్లు మళ్లీ ఏమని పంచుతారు?

దేదీప్య ఒక్కటే కోరింది. "కాలేజ్‌లో గ్రాడ్యుయేషన్‌కి రా నాన్నా. స్టేజ్ మీద నా నేమ్ పిలుస్తారు, ఆనర్స్‌తో. నువ్వు క్లాప్ చేస్తే చాలు." రెండేళ్లు నోరు మూసుకుని చదివిన పిల్ల అడిగింది ఆ కాస్త చప్పుడే.

సూర్యప్రకాశరావుగారు వెళ్లారు. బేస్‌బాల్ టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వెనక వరుసల్లో కూర్చున్నారు. గిరిజగారు రాలేదు, ఇద్దరూ కలిసి కనబడితే ఎవరైనా పోల్చుకుంటారు. ఆయన సర్దుకుని తల ఎత్తేసరికి, రెండు వరుసల ముందు, మే నెల ఎండలో తల మీదికి హుడీ లాక్కున్న కోటేశ్వరరావుగారు వెనక్కి తిరిగారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కాలిఫోర్నియాలో చదువుతున్న అనీష్ గ్రాడ్యుయేషన్ గౌను వేసుకుని స్టేజీ ముందు కూర్చుని ఉన్నాడు.

పేర్లు పిలవడం మొదలైంది. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క కుటుంబం లేచి ఈలలు వేసింది, కేకలు పెట్టింది. దేదీప్య పేరు పిలిచారు. పిల్ల స్టేజీ ఎక్కి, జనంలో వెతికి, టోపీని గుర్తుపట్టి, ఒక్క క్షణం ఆగింది.

సూర్యప్రకాశరావుగారి పక్కన, మనవడి కోసం వచ్చిన ఒక అమెరికన్ ముసలావిడ ఒక్కతే లేచి చప్పట్లు కొట్టింది. "పాపం, ఈ పిల్ల తరఫున ఎవరూ రానట్టున్నారు. మీకు తెలుసా ఆ అమ్మాయి?" అని ఇంగ్లీషులో ఆయన్ని అడిగింది.

రెండు వరుసల ముందు హుడీ చెవులు రిక్కించింది.

"నో మేడమ్" అన్నారు సూర్యప్రకాశరావుగారు, జేబుల్లోంచి చేతులు తీయకుండా.

ఆగస్టులో దేదీప్య ఒహాయో వెళ్లింది. వీడ్కోలు సభ జరగలేదు, అదివరకే జరిగింది కనుక. తండ్రి డ్రాప్ చేస్తానంటే, "వద్దు నాన్నా. ఎవరైనా చూస్తే?" అంది. వెనక మెట్ల మీదుగానే దిగింది. ఈసారి సూట్‌కేసు బరువుగా ఉంది. థాంక్స్‌గివింగ్‌కి గిరిజగారు దిష్టి తీయడానికి అన్నీ సిద్ధం చేసుకుని గుమ్మంలో నిలబడ్డారు గానీ, పిల్ల ముందు తలుపులోంచీ రాలేదు, వెనక తలుపులోంచీ రాలేదు. ఆవిడ ఇప్పటికీ పొద్దున్నే ఒహాయో వాతావరణం చూస్తారు. ఎవరికీ చెప్పరు.

ఇదంతా నీకెలా తెలుసని మీరడగవచ్చు. ఆ రోజు నేను చివరి వరుసలో, ప్రోగ్రాం పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మిగతాది మా అబ్బాయి అక్షయ్ చెప్పాడు. అప్పట్లో వాడు టెక్సాస్‌లో చదువుతున్నాడు. ఒహాయో, కాలిఫోర్నియా, టెక్సాస్ ఆ రెండేళ్లూ ఒకే కారులో కాలేజీకి వెళ్లి వచ్చాయట. దేదీప్య తర్వాత ఆరో పేరు మావాడిది. వాడికీ ఆ ముసలావిడే చప్పట్లు కొట్టింది. నేను పుస్తకం దించలేదు.

కథ నచ్చితే మీరూ చప్పట్లు కొట్టండి. కొట్టే ముందు మాత్రం, దగ్గరలో మనవాళ్లెవరైనా ఉన్నారేమో ఒకసారి చూసుకోండి.