గడియ వేసి చూడు మామా

ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు తిని, బస్సెక్కి అదియమాన్‌కోట్టై వెళ్లి, అద్దె ఇల్లు చూసి, మధ్యాహ్నం భోజనానికి ధర్మపురి తిరిగి రావాలన్నది ఈశ్వరప్ప పథకం. అతను మామిడి రసం ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సీజను ఇంకా అయిపోలేదు కాబట్టి అతనికి దొరికింది ఆ ఒక్క పూటే. ఉంటున్న ఇల్లు ఖాళీ చేయమని ఓనరు చెప్పేశాడు. ఇంకో వారంలో ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, పుడుతుంది. ఆడిలో ఇల్లు మారడానికి తల్లి కెంపమ్మ చచ్చినా ఒప్పుకోదు. ఆడి దాటేదాకా ఆగడానికి ఓనరు ఒప్పుకోడు. ఈ ఇద్దరి మధ్య ఈశ్వరప్పకు తిన్నది అరగడం మానేసింది.

భార్య మోహనప్రియ తొందర వేరే రకం. ఇప్పుడున్న ఇంటిని గోడల రంగు చూసి ముచ్చటపడి తీసుకున్నారు. చేరాక తెలిసింది, మధ్యాహ్నం పైపు తిప్పితే గాలి వస్తుందని, వాన కురిస్తే నీళ్లు సరిగ్గా మంచం మీదే పడతాయని.

"ఈసారి కంటితో చూసి వచ్చేసేది లేదు మామా," అంది బస్సులో. "పైపులన్నీ తిప్పల్ల. తలుపులు మూసి గడియలు వేసి చూడల్ల. బాత్‌రూములో నీళ్లు పోసి, పోతాయా నిలుస్తాయా చూడల్ల."

"ఓనరమ్మ ఎదురుగానా? ఏమనుకుంటాదో!"

"ఆమె తమిళామె. మనం తెలుగులో మాట్లాడుకుంటే ఆమెకేం తెలుస్తాది?"

ఆ మాటతో ఈశ్వరప్పకు కాస్త ఊపిరాడింది.

ఇంటి యజమానురాలు పళనియమ్మాళ్ పెద్దావిడ. ముందు పోర్షన్‌లో తనుంటూ వెనక పోర్షన్ అద్దెకిస్తుంది. తాళం తీసి, హాలు మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఎంతమంది ఉంటారని తమిళంలో అడిగింది. తామిద్దరూ, అత్తగారూ, బడికెళ్లే కూతురు ప్రీతి, అంతేనని మోహనప్రియ తమిళంలోనే వినయంగా చెప్పింది.

"మరి నా కోళ్లు?" అంది వాళ్లతోపాటే వచ్చిన కెంపమ్మ, తెలుగులో.

"అత్తా, కోళ్ల మాట ఇప్పుడెత్తొద్దు. చేరినంక మెల్లగా తెచ్చుకుందాము."

"పెద్దావిడ ఏమంటోంది?" అని అడిగింది పళనియమ్మాళ్.

"ఇంట్లో గాలి బాగా వస్తోందంటున్నారు," అంది మోహనప్రియ.

కెంపమ్మ యజమానురాలిని తేరిపారా చూసింది. "ఈయమ్మ మొగము చూడు, చింతకాయ నమిలినట్ల ఉండాది. మనల్ని నిమ్మళంగా బతకనిస్తాదా?"

"ఇప్పుడేమంటోంది?"

"మీ మొహంలో లక్ష్మీకళ ఉందంటున్నారు."

పళనియమ్మాళ్ తల పంకించింది. ఆమెను మాటల్లో పెట్టి మోహనప్రియ భర్తకు కన్నుగీటింది. ఈశ్వరప్ప వంటగదిలో పైపు తిప్పాడు, నీళ్లొచ్చాయి. స్విచ్చి వేశాడు, లైటు వెలిగింది. కిటికీ మూశాడు, మూసుకుంది. అన్నీ ఇంత సవ్యంగా ఉండటం అతనికి నచ్చలేదు. ఎక్కడో ఏదో ఉండి తీరాలి. వెనకున్న బాత్‌రూములోకి వెళ్లాడు.

"గడియ వేసి చూడు మామా," అని హాల్లోంచి గుర్తు చేసింది మోహనప్రియ.

వేశాడు. పడింది. తీయబోయాడు, రాలేదు. లాగాడు, ఊపాడు, భుజంతో తోశాడు. గడియ కదల్లేదు. సరే, తక్కిన పనైనా చూద్దామని పైపు తిప్పాడు. పైపు పిడి ఊడి చేతిలోకి వచ్చేసింది. నీళ్లు ఎదుటి గోడకు ఎగిరి కొట్టాయి.

"మామా, నీళ్లు పోతాండాయా?"

"పోయేది లేదు! వస్తానే ఉండాయి! గడియ పట్టేసింది. పైపు నా చేతికి వచ్చేసింది. ముసలామెకు చెప్పొద్దు!"

మోహనప్రియ మొహం పాలిపోయింది. ఇల్లు చూడ్డానికొచ్చి పైపు విరిచారంటే ఈ ఇల్లు దక్కేది ఎట్లా? ఆడి పుట్టేలోపల ఇంకో ఇల్లు దొరికేది ఎప్పుడు?

"ఏమ్మా, మీ ఆయన లోపల అరుస్తున్నాడేంటి?" అంది పళనియమ్మాళ్.

"కడుపు బాగాలేదంట అవ్వా," అనేసింది మోహనప్రియ, నోటికి వచ్చిన మొదటి అబద్ధం పట్టుకుని.

"అయ్యో పాపం!" అని పళనియమ్మాళ్ గట్టిగా కేకేసింది. పక్కింటి కరుప్పుసామి వచ్చాడు. అతను ఆటో నడుపుతాడు, బలమైన మనిషి, ఎవరికి కష్టం వచ్చినా వదిలిపెట్టే రకం కాదు. అతని వెనకే అతని భార్య వాము నీళ్లు తెచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు, విషయం ఏమిటో తెలుసుకుని పోదామని వచ్చారు.

అప్పుడే లోపల ఈశ్వరప్ప తువ్వాలుతో పైపు మూతి మూయబోయి జారాడు. బకెట్టు దొర్లి పెద్ద చప్పుడైంది.

"మనిషి పడిపోయాడు!" అన్నాడు కరుప్పుసామి.

"ఆ పిలుచుకొచ్చినవాళ్లను పంపించేయ్!" అని లోపలినుంచి తెలుగులో గొంతు. "నేను బాగుండాను. పడింది బకెట్టు!"

"ఏమంటున్నాడు?"

మోహనప్రియకు వెనక్కి పోయే దారి లేదు. పడింది బకెట్టని చెబితే కడుపునొప్పి ఏమైందంటారు. "నొప్పి ఎక్కువై ఏదేదో అంటున్నాడన్నా," అంది.

"స్పృహ తప్పుతోంది!" అన్నాడు కరుప్పుసామి.

"తలుపు పగలగొట్టేలోపల ఏదైనా చెయ్యే!" అన్నాడు ఈశ్వరప్ప, కరుప్పుసామి అడుగులు దగ్గరకు రావడం విని.

"ఏమంటున్నాడు?" అని మళ్లీ అడిగారు. ఈసారి జవాబు చెప్పింది కెంపమ్మ. కోడలు అన్ని అబద్ధాలు చెబుతుంటే తనూ ఒక చెయ్యి వేద్దామనుకుని, వచ్చీరాని తమిళంలో, "తలుపు పగలగొట్టమంటున్నాడు," అంది.

కరుప్పుసామికి ఇంకొకరు చెప్పనక్కర్లేకపోయింది. ఒక్క తోపుకు తలుపు బందులతో సహా ఊడి లోపల పడింది. నీళ్లు, బకెట్టు, తువ్వాలు, వాటి వెనక చేతిలో పైపు పిడితో ఈశ్వరప్ప హాల్లోకి వచ్చారు. పళనియమ్మాళ్ కాళ్లు రెండూ ఎత్తి కుర్చీలో పెట్టుకుంది. వాము నీళ్లు పట్టుకున్నామె ఇవి ఎవరికివ్వాలా అన్నట్టు చుట్టూ చూసింది.

"పోదాము రా మామా," అంది మోహనప్రియ గొంతు తగ్గించి. "ఆమెకు మన ఇల్లు తెలీదు. బస్సు పట్టుకుంటే చాలు."

"పోదురుగానీ," అంది పళనియమ్మాళ్ తెలుగులో. "ముందర మిద్దెమీదికి పోయి వాల్వు మూసిరా నాయినా. ట్యాంకు ఖాళీ అయిపోతాది."

కెంపమ్మ తడినేల మీదే కూర్చుండిపోయింది.

ఈశ్వరప్ప వాల్వు మూసి దిగి వచ్చేసరికి ఇరుగుపొరుగు వెళ్లిపోయారు. మోహనప్రియ తల వంచుకుని నీళ్లు ఊడుస్తోంది.

"మాది బి. మల్లాపురం," అంది పళనియమ్మాళ్. " పళనికి మొక్కుకుంటే పుట్టినానని ఈ పేరు పెట్టినారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే."

"ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు ఈశ్వరప్ప, బట్టలు పిండుకుంటూ.

"చెప్పింటే మీరు ఇంత మాట్లాడింటారా?"

చేసిన నష్టం ఎంతో చెబుతుందనీ, తరవాత వాకిలి చూపిస్తుందనీ ఈశ్వరప్ప ఎదురుచూశాడు.

"ఆ గడియ పట్టేస్తాదని, ఆ బాత్‌రూము జాలారి తూము నీళ్లు లాగదని సేలంలో ఉండే నా కొడుకుకు ఎన్నిసార్లు చెప్పినానో. అంతా బాగుండాది లేమ్మా అంటాడు. చూసేకి వచ్చినవాళ్లంతా గోడలు చూసి బాగుండాదని చేరిపోతారు, చేరినంక నన్ను తిడతారు. గడియ వేసి చూసింది మీరే. ఇప్పుడు తలుపే లేదు, ఇంక వాడు చేయించకుండా ఎట్ల తప్పించుకుంటాడు? రేపే పిలిపిస్తాను. ఆడి పుట్టకముందే చేరిపోండి." కెంపమ్మ వైపు తిరిగింది. "కోళ్లను వెనకపక్క పెట్టుకో. మొగము మాత్రం నేను మార్చుకునేకి కాదు."

అన్నట్టుగానే కొత్త తలుపు, కొత్త పైపు వచ్చాయి, జాలారి బాగుపడింది, ఆడి పుట్టకముందే వాళ్లు చేరిపోయారు. కెంపమ్మా పళనియమ్మాళూ సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని కోడళ్ల గురించి మాట్లాడుకునేంత దగ్గరయ్యారు.

ఈశ్వరప్ప, మోహనప్రియ మాత్రం పోట్లాడుకోవాలనిపించినప్పుడల్లా, ముందు పోర్షన్‌లోకి వినబడకుండా, బస్సెక్కి ధర్మపురి దాకా వెళ్లి వచ్చేవారు.