శుక్రవారం తీయని గోరు

మనిషి ఒంటిమీద సర్కారు అనుమతి లేకుండా పెరిగేవి రెండే: వెంట్రుకలు, గోళ్లు. వెంట్రుకలను మంగలికి వదిలేసిన సర్కారు, గోళ్ల బాధ్యతను మాత్రం తన నెత్తిన వేసుకుంది. ఎనభైల్లో మా అడవి అంచు దవాఖానాకు గోళ్లకు పట్టే బూజు జబ్బుకు బిళ్లలు వచ్చినప్పుడు ఈ సంగతి మాకు తెలిసింది. ఖరీదైన మందు గనుక దానిని బీరువాలో పెట్టి తాళం వేశారు. (బీరువాకు ఏ జబ్బూ లేదు.)

నిబంధన సులువే. శుక్రవారం చర్మరోగాల దినం. ఆ రోజే, దవాఖానా సిబ్బందే గోటి ముక్క తీయాలి. పరీక్షలో బూజు తేలితే బిళ్లలిస్తారు, తేలకుంటే జబ్బు లేదని రాసిస్తారు.

పక్క తండా జమ్లికి ఏటా బురదలో నాట్లు వేసి వేసి చేతి బొటనవేలి గోరు పసుపుబారి, మందమై, పైకి లేచింది. నాట్ల ముఠా పెద్ద గంగక్క ఆమెను గట్టు మీదే ఆపేసింది.

"నీ గోరు జూసి అందరు బుగులుపడుతున్నరే జమ్లీ. జబ్బు లేదని డాక్టరుతోని రాయించుకొని రా. నాట్లు అయిపోతే మల్ల నన్ననొద్దు."

వానాకాలం ఆ ఇంటి తిండి ఆ కూలే. చదువొచ్చినవాడు తోడుంటే మంచిదని జమ్లి నన్ను దవాఖానాకు వెంటబెట్టుకుపోయింది. కాంపౌండరు జంపయ్య నిండుగా బొట్టు పెట్టుకుని కూర్చున్నాడు. గోరు చూసి కత్తెర పక్కన పెట్టాడు.

"శుక్రారం గోరు తియ్య. లచ్చిమి పోతది."

"ఎవరింట్ల లచ్చిమి సారూ? నా ఇంట్ల ఉంటే నీ కాడికెందుకొస్త? కొయ్యి!"

"నీకు పట్టింపు లేకుంటే నాకుండదా? రేపు రా."

"రేపు తీస్తవా?"

"రేపు చర్మరోగాలు లేవు."

మా ఇంట్లోనూ శుక్రవారం గోళ్లు తీయం. అందుకని జంపయ్యకు దండం పెట్టి బయటికి నడిచాను. ఈ నియమం అమ్మవారికి తెలుసా అని మాత్రం దారిపొడుగునా అనుమానపడ్డాను.

మరుసటి వారం జమ్లి గురువారమే ఇంట్లో ముక్క తీసి, మోదుగాకులో చుట్టి శుక్రవారం దవాఖానాకు తెచ్చింది. డాక్టరుగారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఇది నీ గోరేనని ఏమిటి రుజువు?"

జమ్లి ముక్కను వేలికి ఆనించింది. సరిగ్గా అతికింది.

"అతికితే రుజువు కాదమ్మా. సిబ్బంది తీస్తేనే రుజువు."

"ఆయన తియ్యనంటుండు గదా! మీరే తియ్యిండ్రి."

"చూడటం నా పని. తీయటం అతని పని."

ఈలోగా నాట్లు సగమయ్యాయి. ఆ పై శుక్రవారానికి గోరు ఎవరి అనుమతీ అడగకుండా ఊడిపోయింది. డాక్టరుగారు ఎర్రగా మిగిలిన వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, సంతోషంగా రాసిచ్చారు: గోరు లేదు గనుక గోటి జబ్బు లేదు. వేలు తడవకూడదని కింద ఒక సలహా కూడా చేర్చారు.

పొలం దగ్గర గంగక్క ఆ కాగితాన్ని నాతో చదివించుకుంది. "అవ్, ముద్ర గూడ ఉన్నది. ఇగ దిగు, జల్దీ!"

జమ్లి పళ్లు బిగబట్టి పచ్చివేలును బురదలోకి దించింది. వాన మొదలైంది. నేను గట్టు మీద నిలబడి కాగితం తడవకుండా చూసుకున్నాను.