మర్యాద వసూలు

పొద్దున్నే పాలకోడు బస్సెక్కి, మధ్యాహ్నం భోజనానికల్లా ధర్మపురికి తిరిగి రావాలని ధర్మరాజ్ అనుకున్నాడు. బ్యాంకులకు రాని బాకీలను కమీషన్ మీద వసూలు చేసిపెట్టే కంపెనీలో అతడు ఉద్యోగి. అతని గొంతుకు మంచి పేరుండేది. ఆ పేరే కొంప ముంచింది. పోయిన నెల ఒకరి వాకిట్లో నిలబడి అరిచిన అరుపులు తాసీల్దారు చెవిదాకా పోయాయి.

"ఇంక అరిచేది లేదు," అన్నాడు మేనేజర్ నంజప్ప. "తాసీల్దారు గట్టిగా చెప్పినాడు. అప్పు సంగతి తీసుకున్నోడికి తప్ప పెండ్లానికి కూడా చెప్పకూడదంట. ఇంకొక పిటిషన్ వస్తే కంపెనీకి లైసెన్సు పోతుంది, నీకు ఉద్యోగం పోతుంది."

ధర్మరాజ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, దారి పొడుగునా మర్యాద మాటలు వల్లె వేసుకుంటూ, పాలకోడు పక్క పల్లెలో బాకీ ఉన్న తిమ్మరాయన్ ఇంటికి చేరాడు. అతని భార్య గోపమ్మ బయటికి వచ్చింది.

"ఆయప్ప టమాటాలు ఏసుకోని మండీకి పోయినాడు. ఏమి పని సారూ?"

"ఏమీ లేదమ్మా, సుమ్మా, ఊరికే వచ్చినాను. ఆయనతోనే చెప్పల్ల. ఇంకెవరికీ తెలీకూడదు."

ఈ మాట పక్కింటి సీనప్ప చెవిన పడింది. ఊళ్ళో చెరుకు కోతకొచ్చి ఎండిపోతోంది; చక్కెర మిల్లు నుంచి కోత ఆర్డరు రాలేదు. ఇస్త్రీ చొక్కా, చంకలో సంచి, నోట్లో రహస్యం! వచ్చినవాడు మిల్లు మనిషేనని సీనప్పకు ఇంక అనుమానమే లేకపోయింది. పరుగున పోయి కొబ్బరిబోండాం కొట్టి తెచ్చాడు.

"మా చేను కూడా కొంచెం చూసుకోండి సారూ."

"నేను మిల్లు మనిషిని కానయ్యా!"

"మిల్లు పేరు మేము ఎత్తనే లేదే!"

ఈలోగా అక్కడ చేరిన ఊరివాళ్ళందరూ ఒకరినొకరు చూసుకుని తలలాడించారు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మర్యాద పెరిగిపోతోంది. అరటిగెల వచ్చింది. మంచం మీద కొత్త దుప్పటి పడింది. పెరట్లో గోపమ్మ కోడిపెట్ట ఒకటి అరిచి ఊరుకుంది. ధర్మరాజ్ వద్దు వద్దంటూనే కూర్చున్నాడు; రాగిసంకటి మీద కోడిపులుసు పోసేసరికి వద్దనడం మరచిపోయాడు. అరవకుండా బతకడంలో ఇంత సుఖముందా అని కూడా అనుకున్నాడు.

చేయి కడుగుతుండగా తిమ్మరాయన్ వచ్చాడు. ధర్మరాజ్ అతన్ని గడ్డివామి వెనక్కు తీసుకుపోయి చెవిలో చెప్పాడు.

"ఏమీ? బ్యాంకు అప్పా?" తిమ్మరాయన్ కేక ఊరి చివరిదాకా వినిపించింది.

"మెల్లగా అన్నా! ఎవరికీ తెలీకూడదని తాసీల్దారు ఆర్డరు!"

"తెలిస్తే ఏమి? ఊర్లో అందరికీ ఉండేదే గదా!"

సీనప్ప అరటిగెల భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. గోపమ్మ మాత్రం కదలలేదు.

"అప్పులోళ్ళ ఇంట్లో కోడి తిని పొమ్మని కూడా తాసీల్దారే చెప్పినాడా? పోయి అడుగుదాము పద."

"వద్దమ్మా! నీ పెట్టకు దుడ్డు ఇచ్చేస్తాను."

"ఈ నెల మేము కట్టే కంతు ఎంత సారూ?"

ధర్మరాజ్ చెప్పాడు.

"గుడ్లు పెట్టే పెట్ట. సరిగ్గా అంతే అవుతుంది."

ధర్మరాజ్ జేబులోంచి తీసి గోపమ్మకిచ్చాడు. గోపమ్మ మొగుడికిచ్చింది. మొగుడు రెండు చేతులా ధర్మరాజ్‌కిచ్చి, రసీదు అడిగాడు.

సాయంత్రం రసీదు నకలు చూసి నంజప్ప మురిసిపోయాడు. "చూసినావా? మర్యాదగా అడిగితే ఎంత బాగా కట్టినారో! ఇంక ప్రతి నెలా ఆ ఊరికి నీవే పోవల్ల."

వచ్చే నెల ఇంట్లోనే తిని బయలుదేరాలని ధర్మరాజ్ నిశ్చయించుకున్నాడు.