పెరిగిన పొట్టి ఆవు

పుంగనూరు పొట్టి ఆవు జాతిని ఉద్ధరించేదాకా కాళ్లకు చెప్పులు తొడగనని అధికార పార్టీ నాయకుడు దేవరాజులుగారు మదనపల్లె ప్రెస్‌మీట్‌లో భీషణ ప్రతిజ్ఞ చేశారు. విలేఖరులు ఆయన కాళ్లవైపు చూశారు.

"ఇవి చెప్పులు కాదప్పా, శాండిల్స్. డాక్టరు రాసిచ్చినాడు," అన్నారాయన. అందరూ రాసుకున్నారు.

ఆ ఊపులోనే కుప్పం సంతలో ఒక దూడను కొని, పుంగనూరు పక్క పల్లెలో ఉండే రమణమ్మకు మేళతాళాలతో దానం చేశారు. పొట్టిగా ఉంది కాబట్టి పొట్టి జాతి అని తేల్చేశారు. దూడ కాబట్టి పొట్టిగా ఉందేమోనన్న చిల్లర అనుమానాలు అంతటి నాయకుడికి రావు. ఏడాది తిరిగాక మంత్రిగారు వచ్చి ఆవును చూస్తారు. మెచ్చితే పశుసంపద కార్పొరేషన్ ఛైర్మన్ పదవి దేవరాజులుగారిదే.

నడుం ఎత్తు దాటకూడని జాతి అది. ఈ దూడ నడుం దాటింది, ఛాతీ దాటింది, చివరికి రమణమ్మ కొట్టం చూరును కొమ్ములతో లేపింది.

పశువుల డాక్టరు జుబేర్ టేపు పెట్టి కొలిచి తల గోక్కున్నాడు. "అన్నా, ఇది మామూలు సీమావు. దూడను సూసి మోసపోయినాం."

"మదనపల్లె చలికి టేపు ముడుసుకోని ఉంటాది. టేపు మార్చు," అన్నారు దేవరాజులుగారు.

మంత్రిగారు వచ్చే రోజు పొద్దున్నే రమణమ్మ ఇంకో ఆవును తోలుకొచ్చింది. నడుం ఎత్తే ఉంది, అసలు సిసలు పుంగనూరుది. "మా పుట్టింటి ఆవు నాయనా. దీన్ని సూపించు, నీ పరువు నిలబడతాది. తప్పయిందని నాతో ఒక్క మాట సెప్పు సాలు, ఎవురికీ సెప్పను."

దేవరాజులుగారి మనసు కరిగింది. తప్పు అన్న మాట గొంతుదాకా వచ్చింది కూడా. గ్లాసెడు మజ్జిగ తాగి దాన్ని మళ్లీ లోపలికి పంపేశారు. "తప్పేందమ్మా? ఇది అభివృద్ధి! మన పాలనలో పెరగనిది ఏముండాది?" అని, ఆ చిన్న ఆవును షామియానా వెనక కట్టేయించారు.

సభలో మంత్రిగారు తలెత్తి ఆవును చూశారు. "ఇది పొట్టి జాతేనా?"

"పొట్టి అనేది పాత పాలకులు అంటగట్టిన పేరు సార్. వాళ్లు మేత పెట్టలేదు, మనం పెట్టినాం."

చప్పట్లు మోగాయి. ఛైర్మన్ పదవి అక్కడికక్కడే ప్రకటించి శాలువా కప్పారు. అంతలో చిన్న ఆవు పలుపు తెంపుకుని వచ్చి, ఎండకు తాళలేక పెద్దావు పొట్ట కింద నీడలో నిలబడింది.

"మరి ఇదేమిటయ్యా?" అన్నారు మంత్రిగారు.

రమణమ్మ ఆశగా దేవరాజులుగారి మొహంలోకి చూసింది. ఆయన మజ్జిగ కోసం చుట్టూ వెతికారు. అయిపోయింది.

"అదీ... సార్..." గొంతు సవరించుకున్నారు. "పాత ప్రభుత్వంలో పుట్టింది సార్. పౌష్టికాహార లోపం."

మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. జిల్లాలో ఇలాంటి అభాగ్యపు ఆవులు ఎన్నున్నా ఏడాదిలోగా అన్నిటి ఎత్తూ పెంచాలని ఆదేశించారు. జుబేర్ టానిక్ సీసా మూత తీశాడు.

రమణమ్మ తెగిన పలుపు అందుకుంది. "పద తల్లీ, ఈడుంటే నిన్ను గూడా పెంచేస్తారు," అంటూ షామియానా వెనకనుంచి ఇంటిదారి పట్టింది.