నడుమ జారిపోయిన ‘తా’

ఆ ఆదివారం సుధాకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధి లేవకముందే తను లేవాలి. చెప్పులు గడప దగ్గరే వదిలేయాలి. ఎమ్మిగనూరు ఊరి చివరి పెట్రోలు బంకు దాకా ఒట్టికాళ్ళతో ఉరికి, పాలవాడు రాకముందే వచ్చి మంచంమీద పడుకోవాలి. ఎవరి కంటా పడకూడదు. భార్య రూప కంట అసలే పడకూడదు. చీరల కొట్టులో కూర్చుని పొద్దస్తమానం మడతలు విప్పి, మళ్ళీ మడతలు పెట్టే మనిషికి నలభై దాటాక ఈ పరుగేమిటి అని మీరు అడగవచ్చు. ఆ రోగం పేరు మారుతి.

మారుతి అతనికి తోడల్లుడు, రూప చెల్లెలు దివ్య మొగుడు. ఆదోనిలో పత్తి మండీ గుమాస్తా. ఈమధ్య రోజూ తెల్లారగట్ల ఒట్టికాళ్ళతో పరుగెత్తుతున్నాడు. పరుగెత్తితే పరుగెత్తాడు, దుమ్ము కొట్టుకున్న ఆ పాదాలను ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడతాడు. కింద ఒక సూక్తి. ‘నొప్పి శత్రువు కాదు, కాళ్ళు మనతో చెప్పుకునే కబురు.’ దాని కింద వాయిస్ మెసేజ్‌లో అత్తగారు తిమ్మమ్మ గొంతు మోగుతుంది: “మా మారుతి బంగారమప్పా!” ఆమె మోకాళ్ళ నొప్పికి ఊరూరా తిరిగి నాటుమందు తెచ్చిచ్చింది సుధాకర్. అతనికి ఇంతవరకూ ఇత్తడి అన్న మాట కూడా దక్కలేదు.

మారుతి అంటే సుధాకర్‌కు మొదటి నుంచీ మంటే. ఈ ఫోటోలతో కడుపే మండింది. దీన్ని నాజూకుగా చెప్పడం నాకు చేతకాదు. ఉగ్గాని తింటుంటే మండింది, చీర మడత పెడుతుంటే మండింది, మజ్జిగ తాగినా మండింది. “వాని కాళ్ళేమన్నా బంగారు కాళ్ళా? నాకు మాత్రం ల్యావా కాళ్ళు?” అని రోజూ రూప దగ్గర ఒక పాట పాడేవాడు. రూప దేవుడి గూటి వైపు చూసి నిట్టూర్చేది.

ఆ గూట్లో పసుపుగుడ్డలో కట్టిన టెంకాయ ఒకటి చాలా కాలంగా ఉంది. ఊపితే నీళ్ళ చప్పుడు పోయి గడగడమంటుంది. ఒకసారి చట్నీకి టెంకాయ లేదని సుధాకర్ దానిమీద చెయ్యి వేస్తే, రూప ఆ చేతిమీద ఒకటి వేసింది. “అది ముడుపు. మొక్కు తీరేదాకా ముట్టగూడదు” అంది. ఏం మొక్కో అతను అడగబోయాడు. అంతలో ఆదోని నుంచి పాదాల ఫోటో వచ్చింది.

ఇక ఆదివారం సంగతి. మొదటి పది అంగల్లోనే కంకర తన ప్రతాపం చూపింది. ‘ఇది మంచి నొప్పి’ అనుకున్నాడు సుధాకర్. ‘కబురు చెబుతోంది.’ కాసేపటికి మడమలు కబుర్లు చాలించి కేకలు పెట్టాయి. వీధి మలుపులో లక్ష్మమ్మ కల్లాపి చల్లుతోంది. ఆమె నోట పడిన మాటకు వేరే మైకు అక్కర్లేదని ఆ వీధిలో అందరికీ తెలుసు.

“సుధాకరప్పా! సెప్పుల్లేకుండా యాడికి పోతాండావు నాయనా?”

“ఉరుకుతా ఉండా పెద్దమ్మా” అనాలని అతని ఉద్దేశం. ఊపిరి ఉంటేగా!

“ఉరుకు...” అని ఒక్క రొప్పు రొప్పి, “...ఉండా” అన్నాడు. నడుమనున్న ‘తా’ ఆ రొప్పులో కొట్టుకుపోయింది.

“ఉరుకుందకా!” లక్ష్మమ్మ చేతిలోని బకెట్టు కింద పెట్టేసింది. “ఈరన్న సామికి మొక్కుకున్నావా నాయనా! సల్లగుండు!” రెండు చేతులూ జోడించింది.

శ్రావణమాసం అది. ఆ నెలలో చెప్పుల్లేని మనిషి ఎదురైతే ఇక్కడెవరికైనా తోచేది ఒకటే, ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి నడిచి వస్తానని మొక్కుకున్నాడని. కాదని చెప్పడానికి సుధాకర్ నోరు తెరిచాడు కూడా. కానీ పుట్టి బుద్ధెరిగాక అతనికి ఎవరూ చేతులు జోడించింది లేదు. తెరిచిన నోరు మూసుకుని తలూపాడు. అక్కడ మునిగింది కొంప.

పెట్రోలు బంకు ఇంకా ఎంతో దూరం ఉండగానే, మోరీ దగ్గర కూలబడి వెనక్కి తిరిగాడు. ‘నిన్న గడప దాకా, ఈరోజు మోరీ దాకా. ముందుకే గదా పోతాండాం’ అని తనకు తానే చెప్పుకుంటూ కుంటుకుంటూ ఇల్లు చేరాడు.

మర్నాడు మోరీకి ఇంకొంచెం అవతలి దాకా వెళ్ళాడు. అతనికంటే లక్ష్మమ్మ మాట ముందు వెళ్ళింది. తిరిగి వస్తుంటే ఒకామె గుమ్మంలో ఆపి చేతిలో టెంకాయ పెట్టింది. “నువ్వు ఎట్లా పోతాండావు గదప్పా, మా పేరున గూడ ఒగటి కొట్టు” అంది. మొక్కుకు వెళ్ళేవాడి చేత టెంకాయ పంపితే కాదనకూడదు, అది ఆనవాయితీ. తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో టెంకాయ. వారం తిరిగేసరికి మంచం కింద గోనెసంచి నిండింది. ఆటో నడిపే చోటే సాబ్ వచ్చి, “టెంకాయల మూట నా ఆటోలో ఏస్తా సుధాకర్ భాయ్. సామి పని, బాడుగ వద్దు” అన్నాడు. వీధి వీధంతా తనను ఉరుకుందకు పంపడానికి నడుం కట్టిందని సుధాకర్‌కు అప్పుడు అర్థమైంది.

మొక్కు అన్నాక దానికో కారణం ఉండాలి. అడిగినవాళ్ళకు సుధాకర్ జవాబు చెప్పలేదు కాబట్టి ఆ పనీ లక్ష్మమ్మే చూసుకుంది. “నోరిప్పడం ల్యాదంటే పెండ్లాం కోసరమే. రూపకు తలనొప్పి వస్తాంటాది గదా” అని తేల్చి, ఆ ముక్క రూపకే చేరవేసింది.

రూప వచ్చి ఎదురుగా నిలబడేసరికి సుధాకర్ తిట్లు పడతాయని తల వంచుకున్నాడు. ఆమె కింద కూర్చుని, అతని పాదం ఒళ్ళో పెట్టుకుని, వెచ్చని ఆముదం రాయడం మొదలుపెట్టింది.

“నిజ్జంగా నా కోసరమేనా?” అంది.

“ఇంకెవురి కోసరం?” అనేశాడు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో మిరపకాయ బజ్జీలు అడగకుండానే వస్తున్నాయి. రాత్రికి కాళ్ళకు ఆముదం. రూప మొహంలో పెళ్ళైన కొత్తలో చూసిన వెలుగు. సుధాకర్‌కు సుఖంగానూ ఉంది, భయంగానూ ఉంది. ఈ చెప్పులు విడిచింది పెళ్ళాం తలనొప్పికి కాదు, తోడల్లుడి ఫోటోకు అని తెలిస్తే ఆ వెలుగు ఆరిపోతుంది. బజ్జీలు పోతే పోయాయి, ఆ మొహాన్ని మళ్ళీ అట్లా చూడలేనేమోనని నిజంగా బెంగ పెట్టుకున్నాడు. నోరు నొక్కుకుని రోజూ ఉరికాడు. నొప్పి మడమలు విడిచి పిక్కల్లోకి వచ్చింది. ‘పైకి వస్తాందంటే బాగుపడతాన్నట్లే’ అనుకున్నాడు పాపం.

కబురు ఆదోని చేరింది. గ్రూపులో తిమ్మమ్మ గొంతు మోగింది: “పెండ్లాం తలనొప్పికి సెప్పులిడిసిన మొగుణ్ణి యాడన్నా సూసినారా? మా పెద్దల్లుడు బంగారమప్పా!” సుధాకర్ దాన్ని కొట్టులో విన్నాడు, ఇంట్లో విన్నాడు, స్నానాల గదిలో విన్నాడు. ఆదోని నుంచి సూక్తులు ఆగిపోయాయి. పాదాలు కూడా కనబడలేదు.

వాటి బదులు ఒక పొద్దున మారుతే బండేసుకుని దిగాడు. మొహం మాడిపోయి ఉంది.

“ఏందన్నా నువ్వు చేసిన పని? దివ్య నాతో మాట్లాడితే ఒట్టు. ‘బావ అక్క కోసరం కాళ్ళు అరగదీసుకుంటాండాడు, నువ్వు ఫోటోల కోసరం ఉరుకుతావు’ అని దెప్పుతాంది. నేను గూడ దాని పేరున మొక్కుకున్నా. వచ్చే సోమవారం ఇద్దరమూ కలిసే పోదాం ఉరుకుందకు.”

మారుతి తనను చూసి కుళ్ళుకుంటున్నాడు! సుధాకర్‌కు ఏళ్ళ తరబడి మండిన కడుపులో చల్లటి నీళ్ళు పోసినట్టయింది. “దానికేం తమ్ముడా, రా” అన్నాడు పెద్దమనిషిలా. మారుతి బండి మలుపు తిరగకముందే మళ్ళీ మంట మొదలైంది. వాడు తనకంటే ముందు గుడి చేరితే?

సోమవారం చీకటితోనే బయలుదేరారు. అల్లుళ్ళిద్దరూ కాలినడకన. వెనకాల చోటే సాబ్ ఆటోలో తిమ్మమ్మ, రూప, దివ్య, టెంకాయల మూట. రూప ఒళ్ళో పసుపుగుడ్డ టెంకాయ కూడా ఉంది. ఊరు దాటేదాకా ఇద్దరూ భక్తిగానే నడిచారు. ఊరు దాటాక మారుతి ఒక అంగ ముందుకు వేశాడు. సుధాకర్ రెండు వేశాడు. కాసేపటికి ఇద్దరూ పంచెలు ఎగగట్టి ఉరుకుతున్నారు.

“మొక్కంటే నడిసేది గదప్పా! కుక్కలేమన్నా తరుముకుంటాండాయా?” అని దారిన పోయే భక్తులు అరిచారు. వినేదెవరు? ఎండ ఎక్కింది. తారు కాలింది. పక్కకు దిగితే తుమ్మముళ్ళు. ఆటో ఎక్కడో వెనకబడిపోయింది. చివరికి ఒక వంతెన దగ్గర సుధాకర్ కాల్లో ముల్లు విరిగింది, మారుతికి పిక్క పట్టేసింది. ఇద్దరూ ఒకేసారి వంతెన గోడమీద చతికిలబడ్డారు.

మారుతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నా వల్ల కాదన్నా. నాకు దినామూ నొప్పే. నేను ఉరికేది బండి దిగిన కాడి నుంచి టీ అంగడి దాకనే.”

“మరి ఆ ఫోటోలు?”

“పాదాలు చూస్తే దూరం తెలుస్తాదా అన్నా!”

సుధాకర్ నోరెళ్ళబెట్టాడు. “దానికి ఇంత యాతన ఎందుకు పడితివి రా?”

“నీ వల్లే. అత్త మా ఇంటికి వచ్చినప్పుడల్లా ‘మా పెద్దల్లుడు యాడికైనా నడిచే పోతాడు, పెట్రోలు తగలెయ్యడు’ అంటాది. నడిచేటోణ్ణి మించల్లంటే ఉరకాల గదా!”

“నా స్కూటరు చెడిపోయి మెకానిక్ కాడ ఉండె రా అప్పుడు!” అని సుధాకర్ పక్కున నవ్వాడు. నవ్వు ఊపులో గుట్టు కూడా జారింది. “నాది మొక్కే కాదురా మారుతీ. ‘ఉరుకుతా ఉండా’ అని నేనంటే లక్ష్మమ్మకు ‘ఉరుకుంద’ అని వినపడె. నేను చెప్పులిడిచింది నీ మీద కుళ్ళుతో!” ఇద్దరూ ఒకరి భుజంమీద ఒకరు వాలి, నొప్పులన్నీ మరిచి, కడుపు పట్టుకుని నవ్వారు.

“అట్లనా నాయనా?” అంది వెనక నుంచి తిమ్మమ్మ గొంతు.

వాలు దారి కదా అని చోటే సాబ్ ఇంజను ఆపి ఆటోను అలాగే వదిలాడు. అది చప్పుడు లేకుండా వచ్చి వాళ్ళ వీపుల వెనకే ఆగి ఉంది. “నేనేం చేద్దునప్పా” అంది తిమ్మమ్మ. “ఎదురుగ ఉండే అల్లుణ్ణి పొగిడితే దిష్టి తగులుతాది. అందుకే ఈ ఇంట్లో ఆయప్పను, ఆ ఇంట్లో ఈయప్పను పొగుడుతా. ఫోన్లో అయితే ఎవురూ ఎదురుగ ఉండరు గదా!”

సుధాకర్ ఆ మాటలేవీ వినలేదు. రూప మొహం వైపు చూడడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాడు. “రూపా, తప్పైపోయింది. నీ తలనొప్పి కోసరం కాదు...”

“నాకు మొదటి దినమే తెలుసు లేప్పా” అంది రూప. “నా తలనొప్పికి మొక్కుకోవల్లంటే ముందు నాకు తలనొప్పి ఉండాదని నీకు తెలియాల గదా. నీకు మారుతి కాళ్ళు తప్ప ఏం తెలుసు?”

“మరి ఆముదం ఎందుకు పూస్తివి?”

“కాళ్ళు నొచ్చినోనికి పూస్తారు. దానికి మొక్కు కావల్నా?”

 రూప ఆటో దిగి వచ్చి, పిన్నీసుతో అతని కాలి ముల్లు తీసింది. మారుతి చెయ్యి అందించాడు. మిగతా దారంతా తోడల్లుళ్ళిద్దరూ ఒకరి భుజంమీద ఒకరు చెయ్యి వేసుకుని, కుంటుకుంటూ, నవ్వుకుంటూ నడిచారు. వెనక ఆటోలోంచి చూస్తున్న రూప, పసుపుగుడ్డ ముడి ఇప్పటికైనా విప్పవచ్చని అనుకుంది.

గుడి దగ్గర వీధి టెంకాయలన్నీ కొట్టడం అయ్యాక ఆమె ఆ ముడి విప్పి, టెంకాయ సుధాకర్ చేతిలో పెట్టింది. “నువ్వే కొట్టప్పా. నా మొక్కు ఈరోజు తీరింది.”

“ఇంతకీ ఏం మొక్కుకున్నావు?”

“కడుపుమంట లేకుండా నువ్వు మారుతి మొహం చూసి ఒక్కసారి నవ్వితే, ఈరన్న సామికి ఈ టెంకాయ కొట్టిస్తానని. వంతెన కాడ నవ్వితివి గదా.”

సుధాకర్ కళ్ళు చెమర్చాయి. టెంకాయను కళ్ళకద్దుకున్నాడు. చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది. దూరంగా దివ్య పక్కన నిలబడి పాదాలు చూసుకుంటున్న మారుతి వైపు ఒకసారి చూసి, రూప చెవి దగ్గరకు వంగాడు.

“రూపా, ఒక్క మాట చెప్పు. గుడి గడప వానికంటే ముందు తొక్కింది నేనే గదా?”

రూప టెంకాయ వెనక్కి తీసుకుని మళ్ళీ పసుపుగుడ్డలో కట్టింది.