కోల్డ్ స్టోరేజీ కోటు

ఆ పొద్దున పని చాలా చిన్నది. బావగారికి హెర్నియా ఆపరేషన్. థియేటర్లోకి తీసుకెళ్లేదాకా బావమరిది మంచం పక్కన కూర్చోవాలి. అక్క బళ్లో పరీక్షల డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నానికి వస్తుంది. "ఒరేయ్, ఈ తేదీ తప్పితే మళ్లీ రెండు నెలలు ఆగాలట. మీ బావ పడే నొప్పి నేను చూడలేను. ఈ ఒక్కసారికీ సొంత తెలివి వాడకు," అని ఫోన్లో మరీ మరీ చెప్పింది. తమ్ముడి చేతిలో పెట్టిన పని ఇంతవరకూ ఒక్కటీ తిన్నగా జరగలేదు మరి. ఈసారి అక్క చేత శభాష్ అనిపించుకోవాలని అతను గట్టిగా అనుకున్నాడు.

నర్సు వచ్చి బావగారికి దుప్పటి కప్పింది. "మత్తిచ్చాక ఒళ్లు చల్లబడుతుందండీ. మరీ చల్లబడితే గాయం తొందరగా మానదు. అందుకే ముందునుంచే వెచ్చగా ఉంచాలి. దుప్పటి తియ్యనివ్వకండి, అంతే."

ఆ 'అంతే' తమ్ముడి చెవికెక్కలేదు. అతను కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. చలి సంగతి తనకా చెప్పేది! నర్సు అటు వెళ్లగానే కారులోంచి చలిగదిలో వేసుకునే కోటు పట్టుకొచ్చాడు. పరుపుకు చేతులు కుట్టినట్టుంటుంది అది.

"ఎందుకోయ్ ఇదంతా?" అన్నారు బావగారు.

"మీరు కదలకండి బావగారూ. ఇది వేసుకుంటే మంచుగడ్డల మధ్య కూడా హాయిగా నిద్రపడుతుంది."

కోటు తొడిగి, చెరో పక్కన వేడినీళ్ల సంచి పెట్టి, పైన దుప్పటి గడ్డందాకా లాగాడు. కాసేపటికి నర్సు వచ్చి థర్మామీటర్ చూసి అదిరిపడింది. "జ్వరం! ఇలాగైతే ఆపరేషన్ ఉండదు. డాక్టరుగారిని పిలుస్తానుండండి," అంటూ పరుగెత్తింది.

అది జ్వరం కాదని తమ్ముడికి తెలుసు. నిజం చెప్పేస్తే సరిపోయేది, కానీ అది అక్క చెవిన పడుతుంది. అందుకని కోటు లాగేసి మంచం కిందికి తోశాడు. రిమోటుతో ఏసీ చలి పూర్తిగా పెంచాడు. తువ్వాలు ముంచడానికి బకెట్ మీదికి వంగితే రిమోటు అందులో పడింది, దానికోసం తడిమితే చొక్కా మొత్తం తడిసింది. డాక్టరు వచ్చేసరికి బావగారు తడి తువ్వాళ్ల కింద గజగజ వణుకుతున్నారు.

"ఇదేం జ్వరం? ఈయన చల్లబడిపోతున్నాడు!" అన్నాడు డాక్టరు.

నర్సు చూపు మంచం కిందికి వెళ్లింది. "ఈ కోటెవరిది?"

బావగారు పళ్లు టకటకలాడిస్తూనే వేలు చూపించారు.

కోటుతో సహా బావగారిని పక్కగదికి తీసుకెళ్లి వెచ్చటి గాలి ఊదే దుప్పటి కప్పారు. "మీరు ఈ గది దాటి వచ్చారో, ఊరుకోను!" అంది నర్సు. తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెప్పింది చెప్పినట్టు చేశాడు. తడి చొక్కాతో, ఆగని ఏసీ కింద, బావగారిని థియేటర్లోకి తీసుకెళ్లేదాకా కదల్లేదు. నర్సు తిరిగొచ్చేసరికి అతని పెదాలు నీలంగా ఉన్నాయి.

"మిమ్మల్నేం చెయ్యాలండీ!" అని ఆమె ఏసీ స్విచ్చి కట్టేసి, తడి చొక్కా విప్పించి, బావగారి మంచం మీదే పడుకోబెట్టింది. ఆ గాలి దుప్పటే తెచ్చి నెత్తిదాకా కప్పింది.

మధ్యాహ్నం అక్క వచ్చి మంచం పక్కన కూర్చుని, దుప్పటి మీదుగా కాళ్లు నిమిరింది. "అయిపోయిందా అండీ?"

"ఊఁ," అన్నాయి వణికే పళ్లు.

"మాట్లాడకండి, పడుకోండి. వాడెక్కడ? ఎటో పోయుంటాడు. చెప్పిన పని తిన్నగా చెయ్యడం వాడికి చేతకాదు. అయినా మిమ్మల్ని ఎవరి చేతిలో పెట్టనా అనుకుంటే, నాకు వాడు తప్ప ఎవరూ తోచలేదండీ. ఏం చేసినా ప్రాణం పెట్టి చేస్తాడు. ఈ మాట వాడితో అనకండి, నెత్తికెక్కుతాడు."

దుప్పటి కింద తమ్ముడికి కళ్లనీళ్లు ఆగలేదు. ఇన్నేళ్లలో అక్క తన గురించి ఒక్క మంచిమాట అనగా అతను వినలేదు.

అంతలో నర్సు తలుపు తీసింది. "ఆపరేషన్ బాగా జరిగిందమ్మా! మీ ఆయన్ని కాసేపట్లో తీసుకొస్తారు."

అక్క దిగ్గున లేచి దుప్పటి అంచు ఎత్తింది.

"వాడితో అననులే అక్కా," అన్నాడు తమ్ముడు.

అక్క దుప్పటి మళ్లీ మొహం మీదికి కప్పేసింది.